పడ్డ చోటు

గేలం కర్ర పడవ మీంచి జారి నీళ్లలో పడిందంటే చాలు, “అక్కడ ఎంత లోతుంటుంది?” అని అడుగుతారు అందరూ. అంతర్వేది దగ్గర వశిష్ఠలోనైనా, ఓడలరేవు దగ్గర వైనతేయలోనైనా లోతు తర్వాతి సంగతి, ముందు తేలాల్సింది చోటు. చోటు తెలిస్తే పది బారల లోతులో పడ్డా ఆశ ఉంటుంది. మరిచిపోతే రెండు బారల నీళ్లలో పడ్డా లేనట్టే. వెదురు కర్రకి ఈ బాధ లేదు, తేలుతుంది. కార్బన్ కర్ర బోలుగా ఉన్నా లోపలికి నీరెక్కి, రీలు బరువుకి దిగిపోతుంది. అది అడుగున పడి ఉంటుంది, పైన పడవ మాత్రం జరిగిపోతూనే ఉంటుంది. సెకనుకు మీటరు లాగే ఒరవడిలో అర నిమిషం కంగారు పడితే 30 మీటర్లు కిందికి వచ్చేసినట్టే. అందుకే తిట్టుకోవడానికి ముందే, చేతికందిన బరువుకి తాడు కట్టి, తాడు రెండో కొసకి బెండు కట్టి నీళ్లలో వదిలెయ్యాలి. తర్వాత గట్టు మీది కొబ్బరిచెట్టూ దాని వెనక గుడి గోపురమూ ఒకే వరసలోకి వచ్చేలా ఒక గుర్తు, ఇంకో దిక్కున అలాంటిదే మరో గుర్తు చూసుకోవాలి. ఫోన్లో జీపీఎస్ ఉందిగా అంటారు. ఆరుబయట అది ఐదారు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది, వెతకడానికి అంత చాలు. కానీ జేబులోంచి ఫోను తీసేసరికే పడవ ఆ చోటు దాటిపోతే అది చూపించేది మనం ఉన్న చోటే.

చోటు తెలిశాక ములగడమా, పైనుంచి గాలించడమా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకులతో వెళ్తున్న రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. అంత విషాదాన్ని పోయిన కర్ర పక్కన పెట్టి మాట్లాడడం నాకూ ఇబ్బందిగానే ఉంది. అయినా లోతు నీటిలోంచి వస్తువు తీయడం గురించి మన నది ఇంత వివరంగా చెప్పిన సందర్భం మరొకటి లేదు. అది 200 అడుగులకు పైబడిన లోతు, పైగా వరద. నౌకాదళం గజ ఈతగాళ్లు వచ్చినా పడవ పైకి రాలేదు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు దించి, గట్టు మీంచి యంత్రంతో లాగింది. ఒకసారి రెయిలింగ్ మాత్రమే ఊడివచ్చింది. అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరింది. చోటు పట్టింది సోనార్ కదా, ఆఖరున తాడు తగిలించడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు దిగాల్సి వచ్చింది కదా అని ఎవరైనా అడిగితే, నిజమే. కానీ సోనార్‌కి పడవ ఆనుతుంది, బురదలో కూరుకున్న వేలి లావు కర్ర ఆనదు. డెల్టా అడుగంతా ఒండ్రు. ములిగినవాడి కాలు తగిలితే లేచే మట్టిలో వాడి చెయ్యి వాడికే కనిపించదు.

గాలించడంలోనూ ఒక కిటుకుంది. వెతకాల్సింది కర్రని కాదు, లైనుని. కర్ర ఏడెనిమిది అడుగులు. రీలు నుంచి బయటికి వెళ్లిన లైను యాభై మీటర్లుండొచ్చు, అది ఒరవడి వెంట బారుగా పరుచుకుని ఉంటుంది. బావిలో చేద పడితే దించే కొక్కేల గుత్తి లాంటిదాన్ని నీటి వాలుకి అడ్డంగా, ఈ గట్టు వైపు నుంచి ఆ గట్టు వైపుకి ఈడిస్తే ఎక్కడో ఒకచోట లైను తగులుతుంది. వాలు వెంటే ఈడిస్తే కొక్కెం లైను పక్కనుంచే జారిపోతుంది. తాడు లోతుకి మూడు నాలుగు రెట్లుండాలి, లేకపోతే కొక్కెం అడుగుని ఆనకుండా పైపైన ఎగురుతుంది. పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలకడగా ఉండే కాసేపే ఇందుకు అదను. గేలానికి చేప ఉండి, అదే కర్రని ఈడ్చుకుపోతే మాత్రం ఈ లెక్కలేవీ పనిచెయ్యవు.

ఇంత యాతన దేనికి, డీజిలు డబ్బులు పెడితే ఇంకో కర్ర వస్తుంది కదా అనే మాటకి బలముంది. చవక కర్ర అయితే నేనూ వదిలెయ్యమనే అంటాను. కాకపోతే నైలాను కుళ్లదు. అడుగున చిక్కుపడిన లైను రేపు ఇంకొకరి వలకో పడవ పంకా రెక్కలకో చుట్టుకుంటుంది, ఏటా ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు కాలికీ చుట్టుకోవచ్చు. కర్ర మొదలుకి మూరెడు తాడు కట్టి పడవకి ముడేస్తే ఈ తంటాలేవీ ఉండవు. అలా కడితే విసరడానికి అడ్డొస్తుందని వేటగాళ్లు విసుక్కుంటారు. విసిరేటప్పుడు విప్పుకోవచ్చు. కర్రలు ఎక్కువగా పోయేది విసిరేటప్పుడు కాదు, పడవ అంచుకి ఆనించి టీ తాగేటప్పుడు.