వెండి బొమ్మకు బంగారు రక్ష

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల, నూజివీడు నుంచి గుడివాడ దాకా చాలా పాత ఇళ్లలో తాతముత్తాతల బ్రోమైడ్ ఫొటోలు గోడకు వేలాడుతుంటాయి. దగ్గరికి వెళ్లి పక్కవాటుగా చూడండి. కొన్నింటి అంచుల్లో, నల్లని కోటు మీద, నీలి వెండిమెరుపు అద్దంలా తేలి ఉంటుంది. తెల్లని పంచె పసుపెక్కి ఉంటుంది. అది వయసు కాదు, వెండికి పట్టిన తెగులు.

నలుపు తెలుపు ఫొటోలో మనం చూసే నలుపంతా వెండి రేణువులే. గాలిలోని గంధకం, తేమ, సరిగ్గా కడగక మిగిలిపోయిన హైపో (బొమ్మను స్థిరపరిచే రసాయనం) ఆ వెండిని తినేస్తాయి. 1855లో లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ నియమించిన సంఘం కూడా ఈ కారణాలనే గుర్తించింది, బంగారంతో టోనింగ్ చేయమని, అంటే ప్రింటును బంగారు లవణ ద్రావణంలో ముంచమని సూచించింది.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో ప్రింటు అంటే ఎక్కువగా ఆల్బుమెన్ ప్రింటే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పట్టించి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ముద్రించేవారు. ఎర్రటి గోధుమరంగులో బొమ్మ తేలేది. దాన్ని కడిగి, కాస్త బొరాక్స్‌తోనో సోడాతోనో క్షారగుణం తెచ్చిన గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో వేస్తే, ఎరుపు కళ్లముందే ఊదా ఛాయకు తిరిగేది. హైపో ఆ తర్వాతే.

ఇది ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టినట్టు పైపూత కాదు. ఒక్కో బంగారు పరమాణువు మూడు వెండి పరమాణువులను కదిలించి, వాటి చోట తాను స్థిరపడుతుంది. గంధకం బంగారాన్ని అంత తేలిగ్గా ముట్టుకోలేదు.

డెవలప్ చేసే బ్రోమైడ్ కాగితానికి వరస మారుతుంది. ముందు హైపో, నిండా కడగడం, ఆపైన బంగారం. కొడాక్ జీపీ-1 సూత్రంలో లీటరు ద్రావణానికి ఒక శాతం గోల్డ్ క్లోరైడ్ 10 మి.లీ., సోడియం థయోసయనేట్ 10 గ్రాములు. అంటే లీటరుకు బంగారు లవణం 0.1 గ్రామే. సుమారు 10 నిమిషాల్లో నలుపు కొద్దిగా నీలివైపు జరిగితే చాలు, తీసి మళ్లీ కడగాలి. ఆ కాస్త బంగారానికి డబ్బు వెచ్చించడం తెలివైన పనే. కానీ హైపో మిగిలిన ప్రింటును బంగారం కూడా కాపాడలేదు.

కాలువల తేమ, వానాకాలపు ఉక్క ఉన్న మన డెల్టాలో ఈ విద్య అలంకారం కాదు, అవసరం. చేత్తో ప్రింట్లు వేయడం నేర్చుకుంటున్న యువతీ యువకులు దీన్నీ నేర్చుకోవాలి. ఇంట్లో పాత ఫొటోలున్నవారు మాత్రం వాటి మీద రసాయనాలు ప్రయోగించవద్దు. తడిగోడ నుంచి దింపండి, స్కాన్ చేయించండి, లామినేషన్ జోలికి పోకండి.