దొరికిన బిడ్డ, దొరకని బిడ్డ

తప్పిపోయిన పిల్లల కథలు మనకి కొత్త కాదు. జాతరలో అన్న చెయ్యి వదిలిన తమ్ముడు, ఇరవై ఏళ్ళ తర్వాత భుజమ్మీద పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టిన తల్లి - ఇవి లేకుండా ఒకప్పుడు మన సినిమా మూడు గంటలు నడిచేది కాదు. తల్లి కన్ను పొరబడదని, పుట్టుమచ్చ అబద్ధం చెప్పదని మనకి గట్టి నమ్మకం. ఈ రెండు నమ్మకాలనీ నేల మీద పడేసిన పుస్తకం ఒకటుంది. పేరు 'ఎ కేస్ ఫర్ సాలమన్'. 2012లో అమెరికాలో అచ్చయింది. రాసిన వాళ్ళు ఇద్దరు: టాల్ మెక్‌థీనియా, మార్గరెట్ డన్‌బార్ కట్‌రైట్. మొదటాయన రాత పనివాడు. రెండో ఆవిడకి రాయడం వృత్తి కాదు, పరిశోధన అసలే కాదు. తాతగారు ఎవరో తెలుసుకోవాలని బయల్దేరిన ఇల్లాలు. పుస్తకానికి ప్రాణం ఆవిడే గనక నా మాటలు ఎక్కువగా ఆవిడ పని చుట్టూనే తిరుగుతాయి.

ఉదంతం ఇది. 1912 ఆగస్టు 23. లూసియానా రాష్ట్రంలో ఓపెలూసస్ అనే ఊరి డన్‌బార్ కుటుంబం స్వేజ్ లేక్ దగ్గరికి చేపల వేటకి, సరదాకి వెళ్ళింది. చుట్టూ చిత్తడి అడవి. నాలుగేళ్ళ పెద్దకొడుకు బాబీ అక్కడ కనిపించకుండా పోయాడు. నీళ్ళు గాలించారు, డైనమైట్ పేల్చారు, మొసళ్ళని పట్టి పొట్టలు కోసి చూశారు. ఏమీ దొరకలేదు. ఎవరో ఎత్తుకుపోయారన్న మాట మెల్లగా బలపడింది. తండ్రి పెర్సీ కలిగినవాడు, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు. బహుమతి ప్రకటనలు, కుర్రాడి ఆనవాళ్ళు ఊరూరా వెళ్ళాయి.

ఎనిమిది నెలల తర్వాత, 1913 ఏప్రిల్లో, పక్క రాష్ట్రం మిసిసిపీలో ఒక దేశదిమ్మరి దొరికాడు. విలియం కాంట్‌వెల్ వాల్టర్స్. బండి కట్టుకుని ఊళ్ళు తిరుగుతూ చేతికొచ్చిన మరమ్మతు పనులు చేసుకు బతికేవాడు. అతని బండిలో ఆ వయసు కుర్రాడొకడున్నాడు. వీడు బ్రూస్ ఆండర్సన్, ఉత్తర కెరొలైనాలో మా అమ్మానాన్నలని చూసుకునే జూలియా ఆండర్సన్ కొడుకు, ఆవిడే నాతో పంపింది అన్నాడు వాల్టర్స్. ఎవరూ నమ్మలేదు. డన్‌బార్ దంపతులు రైలెక్కి వచ్చారు.

ఇక్కణ్ణించి పుస్తకం నన్ను పట్టి కూర్చోబెట్టింది. తల్లి బిడ్డని చూసిన ఆ మొదటి క్షణం గురించి రెండు పత్రికలు రెండు రకాలుగా రాశాయి. కుర్రాడు 'అమ్మా' అని అరిచి మెడకి చుట్టుకున్నాడని ఒకటి. తల్లి చాలాసేపు తేల్చుకోలేకపోయిందని, కుర్రాడు ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదని ఇంకొకటి. తమ్ముణ్ణి చూసినప్పుడూ అంతే: పేరు పెట్టి పిలిచి ముద్దు పెట్టుకున్నాడని ఒక విలేఖరి, గుర్తే పట్టలేదని ఇంకో విలేఖరి. ఇద్దరూ అక్కడున్నామనే అంటారు! మర్నాడు తల్లి లెస్సీ కుర్రాడికి స్నానం చేయించి, పుట్టుమచ్చలూ గాయం మచ్చలూ చూసి, వీడు నా బాబీయే అంది. ఓపెలూసస్‌లో బ్యాండు మేళంతో ఊరేగింపు జరిగింది.

తర్వాత జూలియా వచ్చింది. ఆవిడకి రైలు ఖర్చులు లేవు. న్యూ ఆర్లియన్స్ పత్రిక ఒకటి పెట్టుకుని తీసుకొచ్చింది, వార్త కోసం. ఆవిడ ఎదుట అయిదుగురు కుర్రాళ్ళని నిలబెట్టి నీ కొడుకెవడో చెప్పమన్నారు. బిడ్డని ఆవిడ చూసి పదిహేను నెలలైంది. ఆ వయసులో పదిహేను నెలలంటే ఎంతో తల్లులకి చెప్పనక్కర్లేదు. ఊరు కాని ఊరు, చుట్టూ తన ఓటమి కోరుకునే జనం. కుర్రాడు ఆవిణ్ణి పలకరించలేదు. ఆవిడ తడబడింది. మర్నాడు బట్టలు విప్పి చూసి, వీడు నా బ్రూసే అని గట్టిగా చెప్పింది గానీ, అప్పటికే 'కన్నకొడుకుని గుర్తుపట్టలేని తల్లి' అని పత్రికలు తీర్పు చెప్పేశాయి. పెళ్ళి కాకుండా ముగ్గురు పిల్లల్ని కన్నదని, ఇలాంటి దానికి కడుపుతీపి ఏముంటుందని రాశాయి. ఆవిడ ఉత్తచేతులతో తిరిగి వెళ్ళింది.

చూడండి, ఇద్దరు తల్లులూ మొదటి రోజు తడబడ్డారు. ఇద్దరూ మర్నాడు ఒళ్ళంతా చూసి నిశ్చయానికి వచ్చారు. ఒకావిడ తడబాటు మాతృహృదయపు ఉద్వేగం అయింది, రెండో ఆవిడది అబద్ధానికి సాక్ష్యం అయింది. ఈ మాటని రచయితలు ఎక్కడా ఉపన్యాసంలా చెప్పరు. ఆ రోజు పత్రికలు, ఈ రోజు పత్రికలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. నాకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే. వర్గం, పేదరికం, స్త్రీ శీలం అని పెద్ద అక్షరాలతో రాసే మన విమర్శకులం (నన్ను కూడా కలుపుకుంటున్నాను) ఇంత నిదానంగా ఉండలేం.

వాల్టర్స్ మీద 1914లో ఓపెలూసస్‌లోనే విచారణ జరిగింది. పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన నేరానికి యావజ్జీవం వేశారు. మిసిసిపీలో అతన్నీ కుర్రాణ్ణీ అంతకుముందే ఎరిగిన ఊళ్ళవాళ్ళు వచ్చి, బాబీ తప్పిపోకముందే ఈ కుర్రాడు ఇతని బండిలో ఉన్నాడని సాక్ష్యం చెప్పినా లాభం లేకపోయింది. రెండేళ్ళు జైల్లో ఉన్నాక పై కోర్టు శిక్ష కొట్టేసింది. మళ్ళీ విచారణ ఖర్చు ఎందుకని వదిలేశారు. జూలియా తన తరఫున నిలబడ్డ ఆ మిసిసిపీ జనం మధ్యనే స్థిరపడింది. పెళ్ళి చేసుకుంది, ఏడుగురు పిల్లల్ని కంది, చుట్టుపక్కల వాళ్ళకి మంత్రసానిగా, రోగులకి దాదిగా మంచి పేరు తెచ్చుకుంది. ఆ పిల్లలకి చిన్నప్పట్నించీ తెలుసు: మనకో అన్న ఉన్నాడు, డన్‌బార్లు ఎత్తుకుపోయారు అని. అటువైపు కుర్రాడు బాబీ డన్‌బార్‌గా పెరిగాడు, నలుగురు పిల్లల తండ్రయ్యాడు, 1966లో పోయాడు. కొడుకు ఒకసారి అడిగితే, నేనెవరో నాకు తెలుసు అనే అర్థంలో చెప్పి ఊరుకున్నాడట.

మనవరాలు మార్గరెట్‌కి తండ్రి ఒక పాత పుస్తకం ఇచ్చాడు, ఆ కాలపు పత్రికల కత్తిరింపులు అంటించినది. వందల కొద్దీ వార్తలు. చిన్నప్పుడు విన్న కథ సాఫీగా ఉండేది: తాతయ్య తప్పిపోయాడు, దొరికాడు, దొంగకి శిక్ష పడింది. కత్తిరింపుల్లో అది సాఫీగా లేదు. ఆవిడ ఊళ్ళ గ్రంథాలయాలు, కోర్టు గదులు తిరిగింది. జూలియా మనవరాల్ని కలుసుకుంది. ఇద్దరూ కలిసి వెతికారు, దెబ్బలాడుకున్నారు. మొదట్లో మార్గరెట్ పట్టు తాతగారు డన్‌బారే అని. వాల్టర్స్ తరఫు వకీలు దాచిన కాగితాలు దొరికి, చదువుతున్న కొద్దీ ఆ పట్టు సడలింది. ఔత్సాహిక పరిశోధన అనగానే పెదవి విరిచే పండితులు ఇక్కడ కాస్త ఆగాలి. తాను కోరుకున్న సమాధానానికి ఎదురు వచ్చిన కాగితాన్ని మడిచి లోపల పెట్టకుండా బయటికి తీయడం పట్టాలున్న వాళ్ళలోనూ అరుదే.

ఈ భాగం చదువుతుంటే నాకు మన ఇళ్ళలోని ట్రంకుపెట్టెలు జ్ఞాపకం వచ్చాయి. హోసూరులోనో బరంపురంలోనో షోలాపురంలోనో తాతల నాటి పెట్టెల్లో జమాఖర్చులు, దస్తావేజులు, ఉత్తరాలు ఉంటాయి. తెలుగు అక్షరాల్లో, అదీ గొలుసుకట్టు రాతలో. మనం ఎక్కణ్ణించి వచ్చాం, ఎవరు ఎవరికి దత్తుపోయారు, ఇంటిపేరు ఎక్కడ మారింది - జవాబులు ఏవైనా ఉంటే వాటిలోనే ఉండాలి. మనవలేమో అరవమో కన్నడమో ఒరియానో మరాఠీయో బళ్ళో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మార్గరెట్‌కి తన కాగితాలు కనీసం చదవవచ్చింది. మన ఇళ్ళలో అలాంటి మనవరాలు పుట్టినా ముందు అక్షరాలు దిద్దుకోవాలి.

2004లో ఆవిడ తండ్రి డి.ఎన్.ఏ. పరీక్షకి ఒప్పుకున్నాడు. బాబీ తమ్ముడి కొడుకు రక్తంతో పోల్చి చూశారు. సంబంధం లేదు. దొరికిన బిడ్డ డన్‌బార్ బిడ్డ కాదు. వాల్టర్స్ చెప్పింది నిజమే అన్నమాట. జూలియా సంతానం ఊపిరి పీల్చుకుంది. డన్‌బార్ వంశంలో కొందరు నొచ్చుకున్నారు: తొంభై ఏళ్ళ తర్వాత ఇది ఎవరడిగారు? 2008లో అమెరికా రేడియోలో ఈ కథ ప్రసారమయ్యాక గొడవ వీధిన పడింది. నా మటుకు నాకు, అడిగే హక్కు మార్గరెట్‌కి ఉంది. వాల్టర్స్ మీద పడ్డ దొంగ ముద్ర, జూలియా మీద పడ్డ మచ్చ ఆ కుటుంబం సుఖానికి ఎవరో చెల్లించిన ధర. నొచ్చుకున్న వాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు, రచయితలు దాన్ని చిన్నబుచ్చలేదు.

పుస్తకం పేరుతో మాత్రం నాకు పేచీ ఉంది. బైబిల్లో సాలమన్ రాజు బిడ్డని రెండు ముక్కలు చేస్తానంటే కన్నతల్లి వదులుకుంటుంది. మన జాతక కథల్లో మహోసధుడు గీత గీసి ఇద్దర్నీ చెరో వైపూ లాగమంటాడు, బిడ్డ ఏడుపు విని కన్నతల్లి చెయ్యి వదిలేస్తుంది. రెండు కథల్లోనూ ఒకతె అబద్ధమాడుతోంది, అది బయటపెట్టడమే న్యాయం. ఓపెలూసస్‌లో అబద్ధమాడిన తల్లి లేదు. లెస్సీ నమ్మింది. నమ్మకపోతే ఆ నీళ్ళకేసి చూడాలి. ఏ రాజు గీత గీసినా ఈ ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదిలేవారు కాదు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ ఇదే కథని తిరగేసి, కన్నదానికి కాక పెంచినదానికి బిడ్డని ఇప్పించాడు. అది కొంత దగ్గర. అంతకంటే దగ్గరైనది మన ఇళ్ళలో రోజూ చెప్పుకునేది: యశోద. తన పక్కలో ఉన్నది తన బిడ్డ కాదని ఆవిడకీ తెలియదు. రేపల్లె అంతా పండగ చేసుకుంది. ఆవిడ కన్న ఆడపిల్లని చెరసాలకి చేరిస్తే, కంసుడు కాళ్ళు పట్టి నేలకేసి కొట్టబోతే, ఆకాశంలోకి ఎగిరిపోయింది. దేవత అని దణ్ణం పెట్టి వదిలేశాం. ఆ పసిపిల్ల కోసం యశోద ఏడ్వడం నేను భాగవతంలో చూడలేదు.

ఔత్సాహికుల పరిశోధన అన్నిసార్లూ ఇంత మర్యాదగా ఉండదని కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలో 1966 జనవరి 26న సముద్రతీరానికి వెళ్ళిన బోమాంట్ పిల్లలు ముగ్గురు తిరిగి రాలేదు. అదే ఏడు హాలండు నించి దివ్యదృష్టి ఉందన్న ఒకాయన్ని పిలిపించారు. ఒక గిడ్డంగి నేల కింద ఉన్నారన్నాడు. జనం చందాలు పోగేసి తవ్వించారు. ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరెవరో ఎవరెవరినో అనుమానించారు. ఒక కార్ఖానా స్థలాన్ని 2013లో తవ్వారు, 2018లో తవ్వితే జంతువుల ఎముకలు దొరికాయి, 2025 ఫిబ్రవరిలో ప్రైవేటు సొమ్ముతో మళ్ళీ తవ్వారు. పిల్లల జాడ లేదు. ఆ తలిదండ్రులు బతికున్నన్నాళ్ళూ ఇలాంటి తవ్వకాల వార్తలు వింటూ గడపాల్సి వచ్చింది. ఇక్కడ వెతికేవాళ్ళకి పోయేదేం లేదు, వాళ్ళ ఇంట్లో పిల్లలు భద్రంగానే ఉన్నారు. మార్గరెట్ పందెం ఒడ్డింది తన ఇంటిపేరునే. ఈ తేడాని చదివేవాళ్ళు గమనించాలని నా కోరిక.

ఇక నా అసంతృప్తి. కోర్టు భాగం మరీ సాగింది. సాక్షుల మాటలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతారు. వకీళ్ళకి రుచిస్తుందేమో, నేను కొన్ని పేజీలు తిప్పేశాను. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి. తాతగారు బ్రూస్ అని పుస్తకం నమ్మిస్తుంది, నేనూ నమ్ముతున్నాను. (పరీక్ష తేల్చింది డన్‌బార్ రక్తం కాదన్నంత వరకే. బ్రూస్ అన్నది మిగిలిన సాక్ష్యం మీద కట్టిన నిర్ధారణ. ఈ ముడి పాఠకుడు వదులుకోకూడదు.) మరి బాబీ? నాలుగేళ్ళవాడు, ఆ వేసవి మధ్యాహ్నం నీళ్ళ ఒడ్డున ఉన్నవాడు? నీళ్ళలో పడ్డాడా, మొసలి పట్టిందా, నిజంగానే ఎవరైనా తీసుకెళ్ళారా? 'దొరికాడు' అన్న రోజుతో వాడి కోసం వెతకడం ఆగిపోయింది. 2004 దాకా వాడు తప్పిపోయినట్టే ఎవరికీ లెక్క లేదు. ఇంత వెతికిన మార్గరెట్ కూడా చివరి పేజీల్లో బ్రూస్ దగ్గర, జూలియా దగ్గర, తన తండ్రి దగ్గర నిలుస్తుంది. అది సహజమే, వాళ్ళు ఆవిడ మనుషులు. బాబీ ఆవిడకి ఏమీ కాడు. వాడి గురించి పుస్తకంలో ఇంకో పది పేజీలు ఉంటే బాగుండేది - ఆ చిత్తడి నేల, ఆ రోజు అక్కడున్న వాళ్ళు, మొదటి వారం గాలింపు ఎంతవరకు జరిగింది, ఎక్కడ వదిలేశారు. ఆ ఊరి కాగితాలు ఆవిడ చూసినంతగా ఇంకెవరూ చూడలేదు గనక అడుగుతున్నాను.