మొండి చేప పిల్ల కూడా మొండిదేనా?

మార్పు చేప మొండిదని చేపల పెంపకం పుస్తకాలు తరచు చెబుతుంటాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి గాలి పీలుస్తుంది కనుక ఆ మాటలో తప్పులేదు. కాని ఆ వెంటనే పి.హెచ్. 6.5 నుంచి 8.5 వరకు ఉంటే చాలునని ఒక్క వాక్యంతో ముగించడంలోనే చిక్కుంది. అది ఏ వయసు చేపకో, నీటిని ఏ వేళ కొలవాలో చెప్పకపోతే నష్టపోయేది తొట్టిలో పిల్లలను వదిలిన రైతు.

1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన పి.హెచ్. మామూలు కొలబద్ద కాదు. 7 నుంచి 6కు దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు, 5కు దిగితే వంద రెట్లు పెరుగుతాయి. 'రెండే అంకెలు తగ్గింది' అనుకుంటే పొరపాటే.

ఆమ్లం చేపకు చేసే మొదటి హాని ఊపిరికి కాదు, ఉప్పుకు. మంచినీటి చేప రక్తంలో చుట్టూ ఉన్న నీటిలో కంటే లవణాలు ఎక్కువ. మొప్పలు సోడియంను నీటి నుంచి నిరంతరం లోపలికి లాగుతూ ఉంటాయి. ఆమ్లత్వం పెరిగితే ఈ పని మందగిస్తుంది. మొప్ప కణాల అతుకులను పట్టి ఉంచే కాల్షియం కూడా సడలి, ఉన్న ఉప్పు బయటికి కారిపోతుంది. గాలి పీల్చే నేర్పు ఈ నష్టాన్ని పూడ్చలేదు.

పిల్లల స్థితి ఇంకా సున్నితం. ఒళ్ళు ఎంత చిన్నదైతే, బరువుతో పోలిస్తే నీటికి తగిలే చర్మం అంత ఎక్కువ. కనుక లవణాలు త్వరగా తరిగిపోతాయి. పైగా గాలి పీల్చే అవయవం గుడ్డు నుంచి బయటపడిన కొన్ని రోజులకు గాని ఏర్పడదు. అంటే పెద్ద చేపకున్న ఆ మొండితనం కూడా పిల్లకు ఇంకా రాలేదన్నమాట.

ప్రయోగశాలల్లో సాధారణంగా 96 గంటల్లో ఎన్ని చేపలు చచ్చాయో లెక్కిస్తారు. అది అవసరమే. కాని బతికినవన్నీ క్షేమమని దానికి అర్థం కాదు. లవణాలు నిలుపుకోవడానికే శక్తి ఖర్చుచేసిన పిల్ల సరిగా ఎదగదు. ఆ సంగతి చావుల పట్టికలో కనిపించదు.

నీళ్ళన్నీ ఒకటి కావు. కేరళలోని కుట్టనాడులో కొన్ని నేలల్లోని పైరైట్ గాలి తగిలితే గంధకామ్లాన్ని ఇస్తుంది. అటువంటి ఆమ్ల నేలల నుంచి నీటిలోకి దిగే అల్యూమినియం మొప్పలను మరింత దెబ్బతీస్తుంది.

మరి సున్నం చల్లితే సరిపోదా? తగు మోతాదులో, పిల్లలను వదలకముందే చల్లితే మంచిదే. మేత మిగిలి కుళ్ళిన తొట్టిలో ఒక్కసారిగా కుమ్మరిస్తే ఇంకో ప్రమాదం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు 0.6 శాతం. పి.హెచ్. 8 అయితే 5 శాతం, 9 అయితే దాదాపు 36 శాతం!

ఈసారి మీ ఊరి చెరువు నీటిని తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి చూడండి. రాత్రంతా చేరిన బొగ్గుపులుసు వాయువును పగలు నాచు వాడుకోవడం వల్ల రెండు అంకెలూ ఒకటిగా ఉండవు. పుస్తకంలోని ఆ ఒక్క వాక్యానికి వయసు, వేళ, నీటి గుణం అనే మూడు మాటలు చేరిస్తే గాని అది రైతుకు పనికిరాదు.