మాట కరగిన చోట గానము

ఒక కృతిని మెచ్చువారును, మెచ్చనివారును ఒకే గుణమును చూపి వాదించుట సంగీతలోకమున అరుదుగా తటస్థించును. స్కాట్లండునందు పుట్టిన కాక్టో ట్విన్స్ అను బృందము 1990 సెప్టెంబరులో వెలువరించిన ‘హెవెన్ ఆర్ లాస్ వెగాస్’ అను ఆల్బము విషయమున జరిగినది ఇదియే. అందలి పాటలలో మాట తెలియదని ఒకరు నిందింతురు. తెలియకపోవుటయే ఆ మాధుర్యమునకు మూలమని మరియొకరు కొనియాడుదురు. వాద్యములన్నియు పొగమంచువలె కలిసి కమ్ముకొనుచున్నవని ఒకరు విసుగుకొనిన, ఆ కమ్ముకొనుటయే తమ్మాకర్షించినదని వేరొకరందురు. మూడు దశాబ్దములు దాటినను ఈ తగవు తీరలేదు. ఇరుపక్షములవారును ఒక అంశమును విస్మరించుచున్నారని నా అభిప్రాయము. ఈ సంగీతము స్వప్నమువలె తోచును గాని, స్వప్నావస్థలో పుట్టినది కాదు. పూర్ణమైన మెలకువతో, సూక్ష్మమైన లెక్కతో నిర్మింపబడినది. ఆ నిర్మాణరీతి నెరిగిననే గాని దాని గుణదోషములు నిగ్గుదేలవు.

డ్రీమ్ పాప్ అను పేరు ఇట్టి సంగీత సంప్రదాయమునకు 1980వ దశకము చివర ఏర్పడినది. లండనులోని ఏ.ఆర్. కేన్ బృందమునకు చెందిన అలెక్స్ అయూలి తమ పాటలనుగూర్చి చెప్పుచు మొదట ఈ మాటను వాడెనని సాధారణముగా చెప్పుదురు. అయినను పేరునకు ముందే పద్ధతి యున్నది. 1960వ దశకమున లాస్ ఏంజెలిస్ నగరమందలి గోల్డ్ స్టార్ స్టూడియోలో నిర్మాత ఫిల్ స్పెక్టర్, ఒకే స్వరపంక్తిని పలు గిటార్లచేతను పియానోలచేతను ఏకకాలమున వాయింపజేసి, ఆ నాదమును ప్రతిధ్వని గదులగుండ ప్రసరింపజేసి, ఏ వాద్యమేదో విడదీయరాని మహాధ్వనిగా మార్చెను. నాడు అందులకు పెద్ద వాద్యబృందమును, ప్రత్యేకముగా కట్టిన గదులును కావలసివచ్చెను. 1980 తరువాత డిజిటల్ యంత్రములు సామాన్యులకు అందుబాటులోనికి రాగా, ఆ గదులన్నియు చిన్న పెట్టెలలో ఇమిడినవి. పెద్ద కంపెనీల ధనబలము లేని స్వతంత్ర సంస్థలనుండి, అనగా అభిమానులు ఇండీ అని పిలుచుకొను సంస్థలనుండి, ఆ పెట్టెలే ఆధారముగా ఒక క్రొత్త నాదలోకము వెలసినది. 1980లో లండనునందు ఐవో వాట్స్-రసెల్, పీటర్ కెంట్ అనువారు స్థాపించిన ఫోర్ ఏడీ అట్టివానిలో అగ్రగణ్యము.

కాక్టో ట్విన్స్ ఆ సంస్థ నీడలోనే పెరిగిరి. స్కాట్లండునందలి గ్రేంజ్‌మౌత్ నాడు చమురుశుద్ధి కర్మాగారమునకు పేరొందిన తీరపట్టణము. ఆ ఊరివారగు రాబిన్ గుత్రీ, విల్ హెగీ 1979లో బృందమును ఏర్పరచిరి. గుత్రీ రికార్డులు వేయుచుండిన నృత్యశాలకు వచ్చిన ఎలిజబెత్ ఫ్రేజర్ వారికి గాయనియయ్యెను. 1982లో ‘గార్లండ్స్’ అను తొలి ఆల్బము వచ్చెను. మరుసటి యేడు హెగీ విడిపోగా సైమన్ రేమండ్ చేరెను. ఇతని తండ్రి ఐవర్ రేమండ్, డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ మొదలగు గాయకుల పాటలకు వాద్యసమ్మేళనము కూర్చిన ప్రసిద్ధుడు. ముగ్గురిలో ఒకరు గిటారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు కంఠము. తాళము వేయుపని డ్రమ్ యంత్రమునకు అప్పగింపబడినది. ఈ చిన్న కుటుంబము ఇంత విస్తృతమైన ధ్వనిని ఎట్లు పుట్టించెనన్నది విచారింపదగిన ప్రశ్న.

గుత్రీ వాదనమున మొదట గమనింపదగినది, తంత్రిని మీటిన శబ్దమును మరుగుపరచిన నేర్పు. గిటారు స్వరమునకు సహజముగా ఒక పదునైన ఆరంభమును, క్రమముగా క్షీణించు శేషమును ఉండును. ఆరంభము వాయించు చేతిని జ్ఞప్తికి తెచ్చును. శేషము నాదము వ్యాపించిన స్థలమును తెలుపును. గుత్రీ ఆరంభమును అణచి శేషమును పెంచెను. డిలే అను యంత్రము స్వరమును పట్టి ఉంచి, కొంత యెడము తరువాత మరల వినిపించును. ఆ యెడము మిక్కిలి స్వల్పమైనచో చెవి రెంటిని కలిపి ఒకే స్థూలనాదముగా గ్రహించును, సుమారు 50 మిల్లీసెకన్లకు మించినచో వేరు ప్రతిధ్వనిగా గుర్తింప మొదలిడును. కోరస్ అను యంత్రము స్వరమునకు ఒక నకలు తీసి, దాని ఆలస్యమును నిరంతరము కొద్దిగా మార్చుచు, శ్రుతియందు ఉండీ లేనట్టి కంపమును కల్పించును. రివర్బ్ ఈ సమస్తమును ఒక విశాలమందిరమున మ్రోగినట్లు పరచును. ధ్వని ఎంత దూరమునుండి వచ్చుచున్నదో నిర్ణయించుటకు మన చెవి, నేరుగా వచ్చిన ధ్వనికిని గోడలను తాకి తిరిగివచ్చిన ధ్వనికిని గల నిష్పత్తిని ముఖ్యమైన ఆధారముగా గైకొనును. తిరిగివచ్చుదాని పాలు పెంచి, మొత్తము గట్టితనమును మాత్రము తగ్గింపకున్నచో, వాద్యము దవ్వున నున్నట్లును, చెంతనే యున్నట్లును ఒక్కమారే తోచును. చేరువయయ్యు అందరానిదైన ఈ భ్రాంతియే స్వప్నానుభూతికి భౌతికమైన హేతువు.

అయితే కరగినదంతయు సుందరము కాదు. స్వరములు ఒకదానిపై నొకటి పేరుకొని పోయినచో మిగులునది రొద మాత్రమే. ఇచ్చటనే డ్రమ్ యంత్రము ప్రయోజనము వెల్లడియగును. యంత్రమునకు భావము లేదని దానిని దూషించు అభిమానులు కలరు. కాని ఈ సంప్రదాయమున దాని నిశ్చలతయే గుణము. నిమిషమునకు 120 దెబ్బల వేగమున ఒక్కొక్క దెబ్బకు 500 మిల్లీసెకన్లు పట్టును. వేగము స్థిరముగా నున్నంతకాలము ప్రతిధ్వనిని అంతే యెడమున నిలిపి, అది సరిగా తాళముపై వచ్చి పడునట్లు చేయవచ్చును. వేగము రవంత జారినను ప్రతిధ్వనులు తాళమునకు ఎడమై నాదము చెదరిపోవును. అటుపైన రేమండ్ బేస్ గిటారు, కేవలము ఆధారస్వరములను మ్రోయింపక, తానే ఒక రాగరేఖను నడపును. ‘పిచ్ ద బేబీ’ అను పాటను బేస్ మీదనే చెవి నిలిపి వినినవారికి, పైని మబ్బంతయు ఎంత చురుకైన నడకపై ఆధారపడియున్నదో బోధపడును.

ఇక కంఠము. ఫ్రేజర్ గళమును ఒక దేవదూత పలుకుగా వర్ణించుట విమర్శకులకు అలవాటైపోయినది. అట్టి వర్ణన ఆమె శ్రమను మరుగుపరచును గాని కళను వివరింపదు. ఈ ఆల్బము మొదటిపాటయగు ‘చెర్రీ-కలర్డ్ ఫంక్’ను ఆమె మంద్రస్థాయిలో, దాదాపు గొణుగుచున్నట్లు ప్రారంభించి, పల్లవి యొద్ద ఒక్కసారి తారస్థాయికి ఎగయును. ఆ ఎగయుటలో కంఠము తెగక, బరువు మార్చుకొనును; దిగువ స్వరములలోని గరుకుదనము ఎగువ స్వరములలో వెలుగుగా మారును. ఆల్బము పేరు వహించిన పాటలో ఒక కంఠము పల్లవిని మోయుచుండగా, ఆమె కంఠమే వేరొక పొరపై ప్రత్యుత్తరమిచ్చును. ఒకే మనిషి తనతో తాను సంభాషించుకొనుచున్నట్టి ఈ రీతి రికార్డింగు శాలలోనే సాధ్యము. కృత్రిమమని దీనిని కొట్టివేయువారు, రికార్డింగు శాల తనంతటతాను ఒక వాద్యమైనదని మరచుచున్నారు.

మాటల విషయమున వివాదము తీవ్రతరము. తొలినాటి పాటలకు ఫ్రేజర్ తనకు తెలియని భాషల పుస్తకములనుండి సైతము పదములను ఏరుకొని, అర్థముతో పనిలేక నాదమును బట్టి కూర్చుచుండెను. అర్థము చెప్పలేక కప్పిపుచ్చుటయే యిదియని ప్రతిపక్షుల ఆరోపణ. దీనికి భౌతికమైన సమాధానము కొంత యున్నది: గాత్రము మిక్కిలి ఎగువ స్థాయికి పోయినప్పుడు అచ్చుల భేదము సహజముగానే క్షీణించును, ఒపెరా గాయనుల విషయమునను అంతియే. కాని అంతకంటె ముఖ్యమైన సమాధానము మన సంగీతమే మనకు నేర్పినది. రాగాలాపనమున సాహిత్యము లేదని ఏ రసికుడును కొరత చెప్పడు. అయినను ఈ రెండును ఒకటి కావు. ఆలాపనమున శ్రోత మాటను ఎదురుచూడడు. ఫ్రేజర్ పాటలో ఒక మాట సగము వినబడి, పట్టుకొనబోవునంతలో కరగిపోవును. శ్రోత మనస్సు దానిని పూరింప యత్నించును. ఆ యత్నమే అతనిని శ్రద్ధాళువుగా చేయును. అర్థము లేని పాటకును, అర్థపు అంచున నిలిచిన పాటకును గల భేదమిదియే. ‘హెవెన్ ఆర్ లాస్ వెగాస్’ నందు పూర్వముకంటె హెచ్చు మాటలు స్పష్టముగా వినవచ్చును. కావుననే ఆ అంచు అందు మరింత సున్నితమైనది.

ఈ స్పష్టతయే అభిమానులను రెండుగా చీల్చినది. 1984లో వచ్చిన ‘ట్రెషర్’ ఈ బృందమునకు పరాకాష్ఠయని ఒక పక్షము వాదించును. అందలి పాటలకు లోరెలై, పర్సెఫొనీ, పండోరా వంటి నామములు. ధ్వనియందు ఏదో పురాతన దేవాలయపు గాంభీర్యము. ‘హెవెన్ ఆర్ లాస్ వెగాస్’ వినసొంపుకొరకు ఆ రహస్యమును ధారపోసినదని వారి బాధ. బృందమువారు మాత్రము ‘ట్రెషర్’ తొందరలో ముగించిన కృతియని భావించి, దానియెడల తమ అసంతృప్తిని దాచుకొనలేదు. కళాకారుని అభిప్రాయమే తుదితీర్పు కానక్కరలేదు. ‘ట్రెషర్’ మహత్త్వమును నేనును కాదనను. కాని రహస్యమును పెంచుటకంటె, రహస్యము చెడకుండ తలుపు తెరచుట కష్టతరమైన పని. ‘హెవెన్ ఆర్ లాస్ వెగాస్’ నందు పాటలు క్లుప్తములు, పల్లవులు నిశ్చితములు. పది పాటలును కలిసి నలువది నిమిషములకు లోపుననే ముగియును. అట్టి సంక్షేపమునందు అంత విశాలతను పట్టి యుంచుట నాకు ఉత్తమ శిల్పముగా తోచును.

ఆ శిల్పము వెనుక జీవితము లేకపోలేదు. 1989లో ఫ్రేజర్, గుత్రీలకు కుమార్తె కలిగెను. ఆల్బము సిద్ధమగుచున్న కాలముననే, 1990లో, రేమండ్ తండ్రి మరణించెను. గుత్రీ మాదకద్రవ్య వ్యసనముతో పెనుగులాడుచుండెను. జననము, మరణము, వ్యసనము ఒకే కప్పు క్రింద చేరిన సమయమున ఈ సంగీతము పుట్టినది. చివరిపాటయగు ‘ఫ్రూ-ఫ్రూ ఫాక్సెస్ ఇన్ మిడ్‌సమ్మర్ ఫైర్స్’ పియానో స్వరములతో మెల్లగా ఆరంభమై, ఎద నిండునట్లు విచ్చుకొనును. శోకమును ప్రకటింపకయే శోకమునుండి విడుదలను అనుభవింపజేయును. కలలవంటి పాటలు వాస్తవమునుండి పారిపోవుటకేయని ఆక్షేపించువారికి ఈ పాటకంటె వేరు ప్రత్యుత్తరము వలదు. చెప్పినచో చిన్నబోవు విషయములు జీవితమున కొన్ని కలవు. వానిని చెప్పక పాడుట పిరికితనము కాదు, మర్యాద.

బ్రిటిషు ఆల్బముల పట్టికలో ఇది 7వ స్థానము నందుకొనెను. అయినను అనతికాలముననే ఫోర్ ఏడీతో బృందమునకు సంబంధము తెగిపోయెను; 1997లో బృందమే విడిపోయెను. సంప్రదాయము మాత్రము నిలిచినది. ఇంగ్లండునందలి స్లోడైవ్ బృందము 1993లో ‘సువ్లాకీ’ అను ఆల్బమును వెలువరించెను, అమెరికాలోని బాల్టిమోర్ నగరమున 2004లో విక్టోరియా లెగ్రాండ్, అలెక్స్ స్కాలీ కలిసి బీచ్ హౌస్ అను బృందమును స్థాపించిరి. నేడు గిటారు పట్టిన ప్రతి యువకునికిని రివర్బ్ అందుబాటులో నున్నది. ఫలితముగా ఈ మార్గమున అల్పకృతులును విస్తారముగా పుట్టినవని ఒప్పుకొనవలెను. స్వరకల్పన లేనిచోట ప్రతిధ్వని ఆ లేమిని కొన్ని నిమిషములు దాచగలదు. ఆల్బము పొడవునను దాచలేదు. అందుచేత పొగమంచుపై విసుగుకొను విమర్శకులు పూర్తిగా తప్పు చేయుటలేదు. దోషము ఎచ్చట నున్నదో చూపుటలోనే పొరబడుచున్నారు. దోషము ప్రతిధ్వనిది కాదు, దాని క్రింద పాట లేకపోవుటది.

కాబట్టి ఇట్టి ఆల్బము మేలు కీడులను చర్చించు రసికులు, కలవలె నున్నదా లేదాయని గాక, మూడు ప్రశ్నలతో మొదలిడుట మేలు. అలంకారమును తొలగించి పియానోపై వాయించినను స్వరరేఖ నిలుచునా? ప్రతిధ్వనులు తాళముతో పొత్తు కలిసి నడచుచున్నవా, లేక దానిని ముంచుచున్నవా? మాట కరగిన చోట కంఠము ఆ భారమును తాను వహించినదా, లేక అదియు కరగిపోయినదా? ఈ మూడింటను ‘హెవెన్ ఆర్ లాస్ వెగాస్’ నెగ్గినదని నా నిశ్చయము. అంగీకరింపనివారు ఏ పాటలో, ఏ చరణమున, ఏ ప్రశ్నకు అది తప్పినదో చూపవలెను. అట్లు చూపబూనినవారు ఆల్బమును మరల మొదటినుండి శ్రద్ధగా వినక తప్పదు. వాదము వినుటకు దారితీసినంతకాలము, గెలుపు ఏ పక్షమువారిదైనను సంగీతమునకు నష్టము లేదు.