ఆ చేతులు గీసిందెవరు?

సూపర్‌హీరోల గురించి మన దగ్గర జరిగే వాదనలు చాలావరకు బలాబలాల చుట్టూనే తిరుగుతుంటాయి. హల్క్, సూపర్‌మాన్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు? థోర్ సుత్తిని హనుమంతుడు ఎత్తగలడా? (ఈ రెండోది తెలుగువాళ్ల మధ్య ప్రశ్నే కాదు. అడిగినవాడి వంక జాలిగా చూస్తారు.) 2024 సంక్రాంతికి ‘హను-మాన్’ సినిమా వచ్చాక ఇవి ఇంకాస్త పెరిగాయి. సరదాగానే ఉంటాయి, నేనూ దూరుతుంటాను. కాకపోతే వీటిల్లో హీరో ఉంటాడు, యాక్టర్ ఉంటాడు, కలెక్షన్లు ఉంటాయి. ఆ హీరోని మొట్టమొదట కాగితం మీద గీసిన మనిషి మాత్రం ఎక్కడా ఉండడు.

అందుకే చేవెళ్ల రోడ్డు మీద విన్న ఒక గొడవ నా బుర్రలో ఉండిపోయింది. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. అక్కడ చదివే నలుగురైదుగురితో నాకు కామిక్స్ వల్ల పరిచయం. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కుప్పలు తిరగేసే బాపతు. పుస్తకం దొరకకపోతే ఫోన్లో చదువుకుంటారు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వెళ్లే దారిలో, ఆ పెద్ద మర్రిచెట్ల కింద టీ తాగుతూ వీళ్లు కొట్టుకున్నది ఏ హీరో గొప్ప అని కాదు. స్పైడర్‌మాన్‌ని గీసినవాళ్లలో స్టీవ్ డిట్కో గొప్పా, జాన్ రొమిటా గొప్పా అని.

“అన్నా, రొమిటా గీస్తే పీటర్ పార్కర్ హీరో లెక్క ఉంటడు. డిట్కో గీస్తే మా క్లాస్‌ల బ్యాక్‌బెంచోడి లెక్క ఉంటడు” అన్నాడొకడు.

“గందుకే డిట్కో మంచిగుంటడు” అన్నాడు ఇంకొకడు.

నాకు తెలిసినంతలో ఈ రెండు ముక్కల్లో ఉన్నంత చిత్రకళా విమర్శ మన పుస్తక సమీక్షల్లో అరుదు. బొమ్మల పుస్తకం గురించి రాసినా మనం కథ చెప్పేసి, చివర్లో “బొమ్మలు ఆకట్టుకున్నాయి” అని ఒక వాక్యం పడేసి లేచిపోతాం.

స్పైడర్‌మాన్ మొదటి కథ 1962లో వచ్చింది. బొమ్మలు డిట్కోవి, మాటలు స్టాన్ లీవి. 1966లో 38వ సంచికతో డిట్కో తప్పుకున్నాడు, 39 నుంచి రొమిటా అందుకున్నాడు. డిట్కో పీటర్ బక్కపల్చగా, భుజాలు ముడుచుకుని, కళ్లద్దాల వెనక ఎప్పుడూ ఏదో అవమానం మింగుతున్నట్టుంటాడు. చేతులు మరీ విచిత్రం. వేళ్లు ఒక్కోటీ ఒక్కో వైపుకి విరుచుకుని, సాలెపురుగు కాళ్లని గుర్తు చేస్తాయి.

డిట్కో ఏం చేయగలడో తెలియాలంటే 33వ సంచిక చూడాలి. స్పైడర్‌మాన్ ఒక భారీ యంత్రం కింద ఇరుక్కుపోయి ఉంటాడు. పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటాయి. మే అత్తయ్యని బతికించే మందు కళ్లెదురుగానే ఉంటుంది, చెయ్యి చాపితే అందదు. కథగా చెప్తే ఇంతే, ఒక్క వాక్యం. డిట్కో దాన్ని పేజీల తరబడి సాగదీస్తాడు. మొదట ప్రయత్నం, ఓటమి, మళ్లీ ప్రయత్నం. యంత్రం అంగుళం అంగుళం కదులుతున్నకొద్దీ గడుల సైజు పెరుగుతూ పోతుంది. చివరికి బరువంతా పైకి లేచిన క్షణం పేజీ మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. బరువనేది మాటల్లో లేదు, గడుల కొలతల్లో ఉంది. ఆ రోజులకి కథ అల్లికలో కూడా డిట్కోదే పెద్ద చెయ్యి. నన్నడిగితే సూపర్‌హీరో బలం గురించి గీసిన మంచి పేజీల్లో ఇవి ముందుంటాయి. ఎందుకంటే ఇక్కడ బలవంతుడు చాలాసేపు బలహీనుడిగానే కనిపిస్తాడు.

నేనిదంతా ఏకరువు పెడుతుంటే, ఆ గుంపులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి అడ్డుపడింది. “అంతా బానే ఉందన్నా, కానీ డిట్కో గీసిన ఆడపిల్లలందరూ ఒక్కతీరే ఉంటరు.”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. రొమిటా అంతకుముందు ప్రేమకథల కామిక్స్‌కి బొమ్మలేసినవాడు. 42వ సంచికలో మేరీ జేన్ మొహాన్ని మొదటిసారి చూపించినప్పుడు ఆ అనుభవం అంతా అక్కరకొచ్చింది. తలుపు తీయగానే ఒక మనిషి నిలబడి ఉంటుంది, బొమ్మ కాదు. డిట్కో లోకంలో ఆ నవ్వుకి చోటుండేది కాదనుకుంటాను.

మరోసారి కలిసినప్పుడు వాళ్లకి పాత ‘చందమామ’ పేజీలు కొన్ని చూపించాను. మా ఇంట్లో పెద్దవాళ్లు చిత్ర పార్టీ, శంకర్ పార్టీగా చీలిపోయి ఉండేవారు. ఆ తరంలో చాలా ఇళ్లలో ఇదే కథ. చిత్ర అంటే టి.వి. రాఘవన్, బొమ్మలు స్కూల్లో నేర్చుకున్న మనిషి కాదు. శంకర్ మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదువుకుని 1952లో చందమామలో చేరారు. విక్రమార్కుడు కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ ఆయనదే. శంకర్ గీస్తే కండరాలు, నగలు, రాజభవనాల స్తంభాలు అన్నీ లెక్కప్రకారం ఉంటాయి. చిత్ర రాక్షసులకి లెక్కలు తెలియవు. వాళ్ల మొహాల్లో భయంతోపాటు ఏదో తిక్క కూడా ఉంటుంది. నేను చిత్ర పార్టీ. (డిట్కో పక్షం వాళ్లంతా చిత్ర వైపు, రొమిటా అమ్మాయి శంకర్ వైపు వెళ్తారనుకున్నాను. అమ్మాయి చిత్ర దగ్గరే ఆగిపోయింది. పోలికలు ఇంతదాకానే పనికొస్తాయి.)

సీరియల్ పేజీ తిరగేస్తూ ఒకడు, “ఇది రాసిందెవరన్నా?” అని అడిగాడు. పేజీ అంతా వెతికారు. చిత్ర సంతకం దొరికింది, రచయిత పేరు లేదు. ‘తోకచుక్క’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ లాంటివన్నీ దాసరి సుబ్రహ్మణ్యం రాశారు. అవి పేరు లేకుండానే అచ్చయ్యాయి. పిల్లలు చిత్ర కోసం కొట్టుకోగలిగారంటే ఆ పేరు కళ్లకి కనబడింది కాబట్టి. దాసరి కోసం ఎవరూ కొట్టుకోలేదు.

అమెరికాలో తిరగబడ్డ కథలూ ఉన్నాయి. బ్యాట్‌మాన్ అంటే ఏళ్ల తరబడి ఆర్టిస్ట్ బాబ్ కేన్ ఒక్కడి పేరే. రచయిత బిల్ ఫింగర్ పేరు అధికారికంగా పక్కన చేరేసరికి 2015 వచ్చింది, ఆయన 1974లోనే పోయాడు. సీగెల్, షూస్టర్ ఇద్దరూ 1938లో సూపర్‌మాన్‌ని 130 డాలర్లకి అమ్ముకున్నారు. సినిమా రాబోతోందని తెలిసి గొడవ చేస్తే, 1975లో పెన్షన్ ఇచ్చి పేర్లు మళ్లీ వేశారు. అభిమానులు పేర్లు పట్టించుకోవడం ఉత్త మోజు అనేవాళ్లకి ఈ లెక్క చూపించొచ్చు. పేరుంటేనే డబ్బు అడగడానికి ఒక ఆధారం.

ఇప్పుడు మనకి హీరోలు సినిమాల్లోంచి వస్తున్నారు. 2023లో ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’ తెలుగులోనూ వచ్చింది. అందులో ఇండియన్ స్పైడర్‌మాన్ పవిత్ర్‌కి మన థియేటర్లలో మంచి గోల. 2004లో అతనికి పంచె కట్టి, కామిక్‌లో మొదట గీసిన జీవన్ కాంగ్ పేరు ఆ గోల చేసినవాళ్లలో ఎంతమందికి తెలుసు? మార్వెల్ సినిమా అయిపోయాక చివరి ముక్క కోసం అందరం కూచునే ఉంటాం. ఆ కాసేపూ తెర మీద వందల పేర్లు పైకి పోతుంటాయి, మనం ఫోన్లు చూసుకుంటాం.

స్టాన్ లీ తెర మీద క్షణం కనిపిస్తే ఈలలు వేసినవాళ్లం మనం. డిట్కో అలా ఎప్పుడూ కనబడలేదు. దశాబ్దాలపాటు ఇంటర్వ్యూలే ఇవ్వని మనిషి, 2018లో పోయాడు. స్పైడర్‌మాన్ సినిమాల టైటిల్స్‌లో మాత్రం ఒక లైన్లో ఆయన పేరుంటుంది. ఈసారి ఆ లైన్ పడగానే ఈల వేస్తామని మొయినాబాద్ బ్యాచ్ తీర్మానించింది. రొమిటా పార్టీ అమ్మాయి మాత్రం తను వెయ్యనంది.