వల్కల శబ్దార్థ విచారము

సంస్కృత కావ్యములఁ జదువువారికి వల్కలశబ్దముకంటెఁ బరిచితమైన వస్త్రవాచకము వేఱొండు లేదు. తపస్సునకుఁ బోవు పార్వతి వల్కలము గట్టినది. కణ్వాశ్రమమున శకుంతల వల్కలధారిణియై చెట్లకు నీరు వోసినది. అయినను ఆ వస్త్రమెట్టిదని శిష్యుఁ డడిగినచో మనలోఁ బెక్కండ్రు “చెట్టుపట్ట” యని చెప్పి ముందునకుఁ బోవుదురు. నేనును బెక్కేండ్లు అట్లే చెప్పితిని. ఆ వ్యాఖ్య చాలదనియు, విశాఖ మన్యమున గదబస్త్రీలు నేసికొనిన కేరంగు వస్త్రము దానికంటె మేలైన వ్యాఖ్యయనియు నిందుఁ జూపఁదలఁచితిని.

ఈ విచారమునకు మూలము నా పాండిత్యము గాదు. ఒక బాలుని ప్రశ్న. సుమారిరువదియేండ్లకుఁ బూర్వము రోలుగుంటలో శాకుంతల ప్రథమాంకమును బోధించుచుంటిని. ప్రియంవద వల్కలమును బిగించి కట్టినదని శకుంతల చెప్పుకొనుటయు, అనసూయ దానిని సడలించుటయు వివరించితిని. వసతిగృహమునుండి వచ్చు గదబబాలుఁ డొకఁడు లేచి, పట్ట యొంటికిఁ జుట్టినచో వీఁపు గీచుకొనిపోదా యని యడిగెను. తక్కినవారు నవ్విరి. మునుల దేహము లోర్చుకొనునని నేనొక సమాధానము చెప్పితిని. వాఁడు తృప్తి చెందలేదు. “పట్ట ఎవరూ కట్టుకోరండీ గురువుగారూ. నార తీసి నేస్తారు. మా మామ్మకి ఉంది” అనెను. వాని మాటలనే వ్రాసితిని. గ్రామ్యమని విద్వాంసులు కినుక వహింపకుందురుగాక. సెలవులకుఁ బోయి వచ్చినపు డా బాలుఁడు మామ్మ పెట్టెలోని వస్త్రమును దెచ్చి నా చేతికిచ్చెను. అది ముదుకగాను బరువుగాను నుండెను. నిశ్చయముగా నేఁతయే, పడుగును పేకయుఁ గంటికిఁ గానవచ్చుచుండెను.

ఇఁక నా వస్త్రమునుగూర్చి చెప్పెదను. గదబలు విశాఖ మన్యమునను, దానిని జేరియున్న ఒడిసాలోని కోరాపుటు ప్రాంతమునను నివసించు గిరిజనులు. వారి స్త్రీలు ధరించిన ఈ వస్త్రమును 1909లోఁ బ్రకటితమైన దక్షిణభారత కులజాతుల గ్రంథమున ఎడ్గర్ థర్స్టన్ వర్ణించినాఁడు. అంకుడు చెట్టు నారను, బొడ్డచెట్టు నారను దీసి చక్కఁగా నారఁబెట్టి, నీలిరంగునో ఎఱుపు గలసిన కపిలవర్ణమునో యద్ది, ప్రత్తినూలితోఁ గలిపి తామే నేసికొందురని యాతని వ్రాఁత. అంచులు తెల్లనివి, వాని కీవల నీలిపట్టె, నడుమనంతయుఁ గపిలవర్ణము, దానిపై సమాంతరములుగా సన్నని తెల్లచాఱలో నీలిచాఱలో. నా చేతికి వచ్చిన వస్త్రమున రంగులు వెలసినవి గాని పట్టెల క్రమము మాత్ర మిదియే.

అంకుడు పేరు చెప్పఁగానే ఈ ప్రాంతపువారికి వరాహనదీతీరమునందలి ఏటికొప్పాక లక్కబొమ్మలు జ్ఞప్తికి వచ్చును. 2017లో భౌగోళికసూచిక గుర్తింపు పొందిన యా బొమ్మల కఱ్ఱయు అంకుడే. అయితే ఆ పేరు పాలుగారు రెండు చెట్లకుఁ జెల్లుచున్నది. బొమ్మల కఱ్ఱ యొకటి. థర్స్టన్ చెప్పినది వేఱొకటి. ఆ రెండవదానినే కొడిసెపాల యనియు గిరిమల్లిక యనియుఁ జెప్పుదురు. సంస్కృతమున నదియే కుటజము. మేఘసందేశమున యక్షుఁడు క్రొత్తకుటజపుష్పములతో మేఘునకు నర్ఘ్య మిచ్చెనుగదా! ఆ పువ్వును మనము శ్లోకమున నెఱుఁగుదుము. ఆ చెట్టు నారను గదబస్త్రీ తన చేతులతో నెఱిఁగినది.

ప్రకృతము శబ్దవిచారము. అమరసింహుఁడు వనౌషధివర్గమున వల్క, వల్కల శబ్దములను చెట్టు త్వక్కునకుఁ బర్యాయములుగాఁ జెప్పెను. మన బోధకు నాధార మంతమాత్రమే. కాని యాతఁడే మనుష్యవర్గమున వస్త్రములకు జన్మస్థానములు నాలుగని విభజించెను: త్వక్కు, ఫలము, కృమి, రోమము. ప్రత్తి ఫలజము, పట్టు కృమిజము, కంబళి రోమజము. త్వక్కునుండి కలుగు వానికి ఉదాహరణముగా క్షౌమమును జెప్పెను. క్షౌమము సన్నని వస్త్రము. కాండమునుండి నార దీసి వడకి నేయఁబడునది. త్వగ్జము లన్నింటికి నదియే ప్రథమోదాహరణమగునపుడు, త్వగ్జవస్త్రమనఁగా ఒలిచి చుట్టుకొనిన పట్టయని యెట్లనఁగలము?

వ్యాకరణదృష్టియు దీనినే బలపఱచును. పాణినీయమునఁ జతుర్థాధ్యాయ తృతీయపాదమున వికారార్థమునఁ దద్ధితప్రత్యయములు విహితములు. ప్రాణులకును ఓషధులకును వృక్షములకును మాత్రము వికారముతోఁబాటు అవయవమును నర్థముగాఁ జెప్పఁబడినది. త్వక్కు వృక్షమునకు అవయవము. వస్త్రము ఆ త్వక్కునకు వికారము. ఈ రెంటికి నడుమ నొక చేయి యున్నది, ఒక కదురున్నది, ఒక మగ్గమున్నది. వల్కలశబ్దము లక్షణచే వస్త్రమును బోధించునపుడు ఆ ప్రకృతివికృతి సంబంధమే యాధారము. మనము అవయవమును జూచి వికారమని భ్రమించితిమి. నడుమనున్న శిల్పిని విడిచితిమి.

ఈ విషయమునఁ దెలుఁగు మనకంటె జాగరూకతతో వర్తించినది. మన కవులు వల్కలమునకు “నారచీర” యనిరేగాని “పట్టచీర” యనలేదు. పట్ట యొలిచిన దగును, నార తీసినది. గోఁగుపట్టను నీటఁ గుళ్లఁబెట్టి నార దీయు పల్లెటూరి కాఁపు ఈ భేదము నెఱుఁగును. తరగతిలో “నారచీర” యని యర్థము చెప్పి, నారయన నేమని యడిగినఁ బట్టయని చెప్పిన దోషము గురువులది, భాషది గాదు.

కావ్యములలోని వర్ణనలతో నీ యర్థమును బోల్చి చూతము. కుమారసంభవ పంచమసర్గమున పార్వతి హారమును విడిచి కట్టిన వల్కలము బాలసూర్యునివంటి యెఱ్ఱని కపిలవర్ణము గలది. ఈ వర్ణమును బట్టకు సహజమని చెప్పవచ్చును. రంగు వేసిన నారకును జెప్పవచ్చును. గదబవస్త్రపు నడిమి వర్ణమిదియే. శాకుంతలమున వల్కలము భుజమున సన్నని ముడితోఁ గట్టఁబడినది. బిగియఁగట్టుటయు సడలించుటయు నా ముడినిబట్టియే. బిరుసైన పట్టకు సన్నని ముడి పడదు. గదబస్త్రీలు నడుమున నొక వస్త్రమును, భుజముమీఁదుగా వేఱొకదానిని ధరించువారు. అరకు ప్రాంతపు స్త్రీలు భుజమున ముడివైచి చీర గట్టుట నేఁటికిని జూడవచ్చును. రామాయణమున సీతకుఁ గైకేయి యిచ్చిన చీరములు రెండు. అవి కుశమయములు గావున వల్కలములతో నేకము చేయరాదు. అయినను ఒకదానిని మెడపై నిడుకొని, రెండవదానిని జేతఁ బట్టుకొని, కట్టు తెలియక యామె సిగ్గుపడి నిలిచినదనుటచే, వనవస్త్రమునకును నేర్వవలసిన కట్టు కలదని వాల్మీకి యెఱిఁగినట్లు స్పష్టమగుచున్నది.

ఇక్కడఁ గొన్ని యాక్షేపములు గలుగవచ్చును. పసిఫిక్ ద్వీపవాసులు పట్టను నానఁబెట్టి, కొట్టి, పలుచని వస్త్రముగాఁ జేయుదురు గదా, మునుల వల్కలమును నట్టిదే కారాదా యందురేని, కావచ్చును, నే నిషేధింపను. అయితే నదియు వికారమే, నానుటయు దెబ్బలును గలదే, ఒలిచినది గాదు. గదబవస్త్రమునఁ బ్రత్తి కలియుటచే నది వల్కలము గాదందురేని, ప్రాధాన్యమునుబట్టి పేరు గలుగుట శాస్త్రసమ్మతమే. కాళిదాసు గదబస్త్రీలను జూచి వ్రాసెనని మాత్రము నే ననుట లేదు. ఆ వస్త్రమే యీ వస్త్రమని కాక, ఆ శబ్దమున కిట్టి యర్థము సంభవించునని మాత్రమే నా ప్రతిజ్ఞ.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. దుష్యంతుఁడు వల్కలముతోఁ గూడ శకుంతల మనోహరముగానే యున్నదని మెచ్చుకొనెను. ఆ శ్లోకమున “అపి” యను నిపాత మున్నది. నాచు క్రమ్మిన తామరవలె, కళంకము గల చంద్రునివలె, ఈ వస్త్రమున్నను నీమె యందముగా నున్నదని రాజు తాత్పర్యము. ఆ మాట ప్రాసాదమునుండి చూచినది. పట్టు గట్టినవారికి వల్కలము లేమికిఁ గాని విరక్తికిఁ గాని గుర్తు. నేసినదానికో, అది చాఱలు తీర్చి, అంచు పెట్టి, రంగు లద్దిన యలంకారము. ఆమె దృష్టిలో “అపి”కిఁ దావు లేదు. కవి దోషమని యీ మాట ననుట లేదు. నాయకుని మాట నాయకునికిఁ దగినది. ఆ నిపాతమును మనము సిద్ధాంతముగాఁ జేసికొని, కొండవారి శిల్పమంతయు లేమిచేఁ బుట్టినదని శిష్యులకు నేర్పుటయే దోషము.

ఆ వస్త్రము నేఁడు నిత్యధారణమునుండి తొలఁగినది. సంతలకు వచ్చిన మిల్లుచీరలు చౌకయు సన్ననివియు. నార దీయు శ్రమ పెద్దది. వలదన్నవారిని నేయుమని నిర్బంధించు నధికారము మనకు లేదు. కాని నేఁతతోడ మాటలు పోవుచున్నవి. నార దీయుటకు, వడకుటకు, పట్టెలకు, ముడికి వారికిఁ బేళ్లుండవలెను. గదబలని మనము పిలుచువారిలోనే గుతోబు భాష ముండాకుటుంబమునకును, ఒల్లారి ద్రావిడకుటుంబమునకును జెందినవి. ఒల్లారినిగూర్చి సుధీభూషణ భట్టాచార్యుఁడు 1957లో గ్రంథము ప్రకటించెను. చిన్నయసూరి తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని విభజించిన నాలుగింటిలో కేరంగు శబ్దమున కెందుఁ జోటు? నాకడనున్న నిఘంటువులలో నది కానరాలేదు. మన మండలమున వాడఁబడిన వస్త్రముపేరు మన భాషకుఁ బరాయియైనది.

గ్రాంథికపక్షమువార మగు మనము గిడుగు రామమూర్తిపంతులుగారితో శైలివిషయమున నెంత విభేదించినను, సవరభాషకు వారు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును సమకూర్చిన మాట మఱవరాదు. మన పక్షమున నట్టిపని చేసినవారిని నే నెఱుఁగను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములకును, 1971లోఁ జేనేతపదములకును మాండలికవృత్తిపదకోశములు వెలువడినవి. ఆ మార్గమునఁ గొండనేఁతకును ఒక పదసంగ్రహము కావలెను. నేసినవారిలో నింకను జీవించియున్న వృద్ధురాండ్రకడకు మన్యపు పాఠశాలలలోని పండితులు పోఁగలరు. వారి శిష్యులే దారి చూపుదురు.

ఆ బాలుని మామ్మ వస్త్రమును మఱునాఁడే తిరిగి పంపితిని. దానిలోని పట్టెల కేమి పేళ్లని యడుగుట కపుడు నాకుఁ దోఁచలేదు. తరువాత నడుగఁబోవునప్పటి కామె లేదు. ఈ లోపము నాది. ఇది మఱి యొకరికిఁ గలుగకుండుటకై యీ వ్యాసము వ్రాసితిని. ఇందలి గుణదోషములను విద్వాంసులు విచారింతురుగాక.