సాంచో కొట్లో అమ్మకానికి మెక్సికన్లు

1967లో అమెరికా టీవీలో ఫ్రిటోస్ చిప్స్ ప్రకటనల్లోకి ఒక కార్టూన్ దొంగ వచ్చాడు. తలమీద గొడుగంత టోపీ, గుబురు మీసం, చేతిలో తుపాకి, నోట యాస ఇంగ్లీషు. పేరు ఫ్రిటో బండీటో. ఎదుటివాళ్ల చిప్స్ కాజేయడమే అతని పని. మెక్సికన్ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాక, 1971లో గాని కంపెనీ అతన్ని వదల్లేదు.

ఆ 1967లోనే లాస్ ఏంజెలెస్ ఎలీసియన్ పార్కులో, బ్రౌన్ బెరేలనే మెక్సికన్ యువకుల సంఘం సభలో ఒక చిన్న నాటిక ఆడారు. పేరు 'లోస్ వెండీదోస్', అంటే అమ్ముడుపోయినవాళ్లు. రాసింది లూయీస్ వాల్డేజ్. మెక్సికన్ల మీద అమెరికా వేసిన ముద్రలకు చాలామంది చాలా రకాలుగా జవాబు చెప్పారు. ఇంత తక్కువ సామానుతో, ఇంత తెలివిగా చెప్పింది మాత్రం అరుదు.

వాల్డేజ్ 1940లో కాలిఫోర్నియాలోని డెలానోలో, పంటల వెంట ఊళ్లు మారే కూలీల ఇంట పుట్టాడు. కాలేజీ చదువయ్యాక శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక వీధి నాటక బృందంలో పనిచేశాడు. 1965లో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిపినో కూలీలు సమ్మెకు దిగారు, వెంటనే కూలీల నాయకుడు సీజర్ చావెజ్ సంఘం వాళ్లతో కలిసింది. వాల్డేజ్ అక్కడికి వెళ్లి 'ఎల్ తియాత్రో కాంపెసీనో' అనే నాటక బృందం పెట్టాడు. కూలీలే నటులు. లారీ వెనకభాగమే స్టేజి. ఎవరు యజమానో, ఎవరు సమ్మెను దెబ్బతీసేవాడో తెలియడానికి మెళ్లో ఒక అట్టముక్క వేలాడేది. పొలం గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు మొదటి నిమిషంలోనే కథ అందాలి. ఆ అవసరం నేర్పిన పొదుపే 'లోస్ వెండీదోస్'కు ప్రాణం.

కథ జరిగేది సాంచో అనేవాడి కొట్లో. వాడిన కార్లు అమ్మినట్టు అక్కడ వాడిన మెక్సికన్లను అమ్ముతారు. ఆ మెక్సికన్ బొమ్మలు కదలకుండా నిలబడి ఉంటాయి, సాంచో చిటికేస్తే పనిచేస్తాయి. కాలిఫోర్నియా గవర్నర్ రీగన్ ఆఫీసు నుంచి ఒక సెక్రటరీ వస్తుంది. ఆమె కూడా మెక్సికన్ మూలాలున్న మనిషే, కానీ తన ఇంటిపేరును ఇంగ్లీషు ఫక్కీలో పలకాలని పట్టుబడుతుంది. గవర్నర్ గారి విందులో జనం మధ్య కనిపించడానికి ఒక గోధుమరంగు ముఖం కావాలి. రీగన్ గవర్నరైంది కూడా ఆ 1967 జనవరిలోనే.

ముందు కూలీ బొమ్మ. సాంచో చిటికేస్తాడు, చేతులు గబగబా ద్రాక్షపళ్లు కోసేస్తాయి. ఆమె అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఖర్చెంతవుతుందని, అంటే మైలేజీ ఎంతని. బీన్స్, టోర్టియా, మిరపకాయ ఉంటే చాలు, రోజుకు కొద్ది పైసలు. పంట కాలం అయ్యాక తనంతట తానే మెక్సికో వెళ్లిపోతాడు, మళ్లీ వసంతం దాకా కనిపించడు. యజమానులు కూలీ గురించి పొలాల్లో అనుకునే మాటలే ఇవి. అమ్మేవాడి నోట, సరుకు గుణాలుగా వినేసరికి నవ్వొస్తుంది, ఆ వెంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అన్నీ బాగున్నాయి గాని వీడికి ఇంగ్లీషు రాదు. బేరం కుదరలేదు.

తర్వాత జానీ పచూకో, పట్నం కుర్రాడు. 1943లో లాస్ ఏంజెలెస్‌లో జూట్ సూట్ అనే వదులు సూటు వేసుకున్న ఇలాంటి కుర్రాళ్లనే నావికులు వీధుల్లో పట్టుకుని కొట్టారు. సాంచో ఇతన్ని స్పోర్ట్స్ కారులా వర్ణిస్తాడు. నాటకం మొత్తంలో నాకు అన్నిటికన్నా పదునుగా అనిపించే చోటు ఇక్కడే. కోపమొస్తే వీణ్ని తన్నొచ్చు, ఒకసారి తన్ని చూడండి అంటాడు సాంచో. ఆమె మొదట మొహమాటపడుతుంది. ఒకసారి తన్నాక ఆమెకు ఉత్సాహం వస్తుంది. సమాజానికి తన్నడానికి ఒకడు ఎందుకు కావాలో ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక కాలి కదలికతో చూపించాడు వాల్డేజ్. ఇంతలో జానీ ఆమె సంచీ కొట్టేస్తాడు. దొంగలు మా ప్రభుత్వంలో ఇప్పటికే చాలినంతమంది ఉన్నారని ఆమె వద్దంటుంది.

మూడోది విప్లవకారుడు. గుర్రమెక్కుతాడు, కొండల్లో దాక్కుంటాడు, సినిమాల్లో నటిస్తాడు, ప్రేమిస్తాడు. మెక్సికన్ విప్లవ నాయకుడు జపాటా పాత్రను సినిమాలో మార్లన్ బ్రాండో చేసిన దేశంలో ఈ సరుకుకు గిరాకీ ఎలాంటిదో ప్రేక్షకులకు తెలుసు. కానీ వీడు మెక్సికోలో తయారైనవాడు. ప్రభుత్వానికి స్వదేశీ సరుకే కావాలి.

చివరికి ఎరిక్ గార్సియా వస్తాడు. సూటు, టై, కాలేజీ చదువు. మెక్సికన్ల కష్టాలకు మెక్సికన్ల తెలివితక్కువతనమే కారణమని అనర్గళంగా ఉపన్యసిస్తాడు. ధర పదిహేను వేల డాలర్లు. ఆమె అదిరిపడుతుంది, అయినా నగదు చెల్లిస్తుంది. డబ్బు చేతులు మారాక ఎరిక్ స్పానిష్‌లో విప్లవ నినాదాలు అందుకుంటాడు, మిగతా బొమ్మలనూ లేపుతాడు. సెక్రటరీ పారిపోతుంది. అప్పుడు బొమ్మలు ఒళ్లు విరుచుకుని డబ్బు పంచుకుంటాయి. అవి మనుషులే. కదలకుండా బిగుసుకుపోయినవాడు సాంచో. యంత్రం అతనే. అతన్ని ఆయిల్ పోయించడానికి ఎత్తుకుపోతారు.

పనితనం ఎక్కడుందంటే, వాల్డేజ్ ముద్రలను ఖండించడానికి ఒక 'మంచి మెక్సికన్'ను తెచ్చి నిలబెట్టలేదు. అలా చేస్తే ప్రకటనలో దొంగకు బదులు పెద్దమనిషి వచ్చేవాడు, అంతే. కొనేవాళ్ల అవసరాల జాబితా ఏదో, మెక్సికన్ బొమ్మ అదే ఆకారంలో వస్తుందని చూపించాడు. చవగ్గా పనిచేయాలంటే కూలీ, తన్నడానికి కావాలంటే పచూకో, కాలక్షేపానికి విప్లవకారుడు, ఫొటోకు ఎరిక్. చివరి మలుపులో ఆ వేషాలను వేసుకున్నవాళ్లే వాటిని అమ్ముకుని సొమ్ము చేసుకున్నారు.

లోపం లేదని కాదు. నాటికలో ఉన్న ఒకే ఆడమనిషి సెక్రటరీ. ఎగతాళి అంతా ఆమె మీదే పడింది. సమ్మెల్లో మగవాళ్లతో సమానంగా నిలబడ్డ ఆడవాళ్లకు ఈ కొట్లో చోటు దొరకలేదు.

వాల్డేజ్ తర్వాత పెద్ద వేదికలెక్కాడు. 'జూట్ సూట్' నాటకం 1979లో బ్రాడ్‌వే చేరింది, 1987లో 'లా బంబా' సినిమా తీశాడు. పనితనం చూడాలంటే మాత్రం నా ఓటు ఈ చిన్న నాటికకే. ఒకసారి కూర్చుంటే అయిపోతుంది. చదివేవాళ్లకు ఒక మాట: బొమ్మల మీద కాకుండా సెక్రటరీ అడిగే ప్రశ్నల మీద దృష్టి పెట్టి చదవండి. నాటిక అంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది.